చియోంగ్‌సామ్ మంచూల నుంచి వచ్చిందా, షాంఘైలో పుట్టిందా?

ప్రశ్న: నేతచీర

సభ్యులందరికీ నమస్కారం. నేను సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నాతోపాటు పనిచేసే చైనా సంతతి అమ్మాయికి పెళ్లి కుదరడంతో, వాళ్లింట్లో కొన్నాళ్లుగా బట్టల గురించిన మాటలే నడుస్తున్నాయి. ఆ సందర్భంలో వాళ్ల అమ్మమ్మగారు పెట్టెలోంచి ఒక పాత చియోంగ్‌సామ్, అంటే చైనా స్త్రీలు వేసుకునే నిలువుటంగీ, తీసి నాకు చూపించారు. ముదురు నీలం రంగు నూలు బట్ట, పిక్కల సగం దాకా పొడవు, భుజం దాటి కొద్దిగా దిగిన పొట్టి చేతులు, మెడ చుట్టూ నిలబడే కాలరు, మెడ నుంచి కుడి చంక దాకా వంపు తిరిగి వచ్చే ముందు భాగం, అదే బట్టతో చుట్టి చేసిన ముడిగుండీలు. అది వాళ్ల అమ్మగారిదని, షాంఘై వదిలి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నారని ఆమె చెప్పారు. ఎప్పుడు కుట్టించారో మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు.

నన్ను ఆశ్చర్యపరిచింది దాని కుట్టు. ఇప్పుడు దుకాణాల్లో కనిపించే చియోంగ్‌సామ్ ఒంటికి అతుక్కున్నట్టు ఉంటుంది. ఇది మాత్రం దాదాపు నిటారుగా, కాస్త వదులుగా ఉంది. భుజం మీద కుట్టే లేదు. ఛాతీ దగ్గర గానీ నడుము దగ్గర గానీ ఒక్క డాటు (ఒంటి ఆకారం కోసం బట్టను లోపలికి మడిచి వేసే కుట్టు) కూడా కనిపించలేదు. అయినా నడుము దగ్గర సన్నగా నొక్కుకుపోయిన ఆకారం ఉంది.

ఈ దుస్తుల చరిత్ర గురించి చదవబోతే రెండు వేర్వేరు కథనాలు ఎదురయ్యాయి. ఇది మూడు వందల ఏళ్ల నాటి మంచూ దుస్తులని ఒకచోట ఉంది. 1920లలో షాంఘై నగర స్త్రీలు తయారుచేసుకున్న ఆధునిక దుస్తులని మరోచోట ఉంది. ఈ రెండింటిలో ఏది సరైనది? డాట్లు లేకుండా ఒంటికి తగిన ఆకారం ఎలా తెచ్చేవారు? నేను చూసినది ఏ కాలం నాటిదో ఆ కుట్టును బట్టి చెప్పగలమా? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా మనవి.

సమాధానం: పాతపేటిక

నేతచీర గారికి, మీరు చదివిన రెండు కథనాల్లోనూ నిజం ఉంది. అయితే ఆ రెండింటి మధ్య దాదాపు పదేళ్ల ఖాళీ ఒకటి ఉంది. దానిని రెండు కథనాలూ దాటవేస్తాయి. అసలు విషయం ఆ ఖాళీలోనే ఉందని నా అభిప్రాయం. అందుకే కొంచెం వెనక నుంచి మొదలుపెడతాను.

చైనా ఈశాన్య ప్రాంతానికి చెందిన మంచూలు 17వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో నూర్‌హాచీ నాయకత్వంలో తమ జనాన్ని ఎనిమిది జెండాల కింద దళాలుగా ఏర్పరచుకున్నారు. సైనికులే కాక వాళ్ల కుటుంబాలు కూడా ఆ జెండాల కిందికే వచ్చేవి. ఆ కుటుంబాల స్త్రీలు తొడిగిన దుస్తులు భుజాల నుంచి పాదాల దాకా ఒకే బట్టగా జారే నిలువుటంగీ. వారు పాదాలు కట్టుకునేవారు కారు. ఎత్తయిన చెక్క అడుగు ఉన్న చెప్పులు వేసుకునేవారు కాబట్టి అంగీ నేలను తాకేంత పొడవుగా ఉండేది. నడుము, తుంటి వంటి ఆకారాలేవీ అందులో కనిపించవు. 19వ శతాబ్దం చివరికి వచ్చేసరికి సంపన్నుల అంగీలకు చేతులు వెడల్పయ్యాయి, అంచుల మీద పట్టీ పక్కన పట్టీ వేసి అసలు బట్ట కనిపించనంతగా అలంకరించడం మొదలైంది. బీజింగ్‌లోని ప్యాలెస్ మ్యూజియం దాచిన రాణివాసపు అంగీలను ఫొటోల్లో చూసినా, వాటికీ ఇప్పటి చియోంగ్‌సామ్‌కూ ఎంత దూరమో అర్థమవుతుంది.

1644లో మంచూలు బీజింగ్‌ను వశం చేసుకుని చింగ్ వంశ పాలన మొదలుపెట్టారు. మరుసటి సంవత్సరం, అంటే 1645లో, చైనాలో అత్యధిక సంఖ్యాకులైన హాన్ జాతి పురుషులందరూ నుదుటి పైభాగం గొరిగించుకుని వెనక జడ వేసుకోవాలని, మంచూ పద్ధతి దుస్తులు ధరించాలని ఆజ్ఞ వెలువడింది. ధిక్కరించినవారి ప్రాణాలు తీశారు. ఆ ఆజ్ఞ పురుషులకు వర్తించినట్టుగా స్త్రీలకు వర్తించలేదు. హాన్ స్త్రీలు ఆ తర్వాత కూడా రెండున్నర శతాబ్దాల పాటు పైన అంగరఖా వంటి చొక్కా, కింద కుచ్చుల లంగా లేదా పైజామా, ఇలా రెండు భాగాల దుస్తులనే వాడారు. ఒకే నగరంలో, ఒకే వీధిలో, ఎవరు ఏ జాతివారో దుస్తులు చూసి చెప్పగలిగేవారు.

1911 విప్లవంతో చింగ్ పాలన పోయింది, 1912లో గణతంత్రం ఏర్పడింది. మీరు చదివిన కథనాలు దాటవేసిన ఖాళీ ఇక్కడే మొదలవుతుంది. మంచూల మీద ద్వేషం రగులుతున్న ఆ రోజుల్లో మంచూ స్త్రీలే తమ నిలువుటంగీని పక్కన పెట్టారు. దాన్ని తొడుక్కుని బయటికి రావడం అపాయకరమైన ఊళ్లు కూడా ఉన్నాయి. 1910లలో చదువుకున్న హాన్ యువతులు ధరించినది మోచేతి కింద వెడల్పయ్యే చేతులున్న బిగుతు చొక్కా, నల్లని సాదా లంగా. నగలు లేవు, ఎంబ్రాయిడరీ లేదు. 1919 మే 4న మొదలైన విద్యార్థి ఉద్యమపు ఫొటోల్లోని అమ్మాయిలు చాలావరకు ఆ దుస్తుల్లోనే కనిపిస్తారు. అంటే అప్పటికి నిలువుటంగీ స్త్రీల ఒంటి మీద నుంచి దాదాపు తప్పుకుంది. అది మంచూ ఇళ్లలో తరతరాలుగా ఆగకుండా నడిచి నేరుగా షాంఘై చేరిందన్న కథనం ఇక్కడ నిలవదు.

మరి అది తిరిగి ఎలా వచ్చింది? రచయిత్రి జాంగ్ ఐలింగ్ చైనా దుస్తుల గురించి 1943లో రాసిన వ్యాసంలో, 1921లో స్త్రీలు నిలువుటంగీ వేసుకోవడం మొదలుపెట్టారని, పురుషులతో సమానత్వం కోరుకోవడమే అందుకు కారణమని అభిప్రాయపడింది. అప్పటి ఉపాధ్యాయులు, గుమస్తాలు, పండితులు అందరూ మడమల దాకా దిగే నిలువుటంగీలోనే ఉండేవారు. చదువుకూ గౌరవానికీ అది గుర్తు. కళాశాలల్లోకి కొత్తగా అడుగుపెట్టిన అమ్మాయిలు ఆ గౌరవాన్నే తమ ఒంటి మీద వేసుకున్నారు. తొలి నమూనాలు గంటలా కిందికి విచ్చుకునే వదులు అంగీలు. ఒంటి వంపులను చూపించాలన్న ఉద్దేశం వాటిలో ఏ కోశానా లేదు. ఈ సంగతి తెలియక చియోంగ్‌సామ్‌ను కేవలం ఆకర్షణ కోసం పుట్టిన దుస్తులుగా రాసేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

తర్వాతి మార్పులు వేగంగా జరిగాయి. 1920ల మధ్యలో పొడవైన చేతుల్లేని అంగీని చొక్కా మీద వేసుకునే పద్ధతి కొంతకాలం నడిచి, ఆ రెండూ కలిసి ఒకే దుస్తులయ్యాయి. అమ్మాయిల ఛాతీని గుడ్డతో బిగించి కట్టే ఆచారాన్ని నిషేధించాలని 1927లో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్ర ప్రభుత్వంలో ఉన్న ఝూ జియాహువా ప్రతిపాదించారు. ఆ కట్టు వదిలిపోయిన కొద్దీ దర్జీలు ఛాతీ దగ్గర బట్టను వేరే విధంగా అమర్చవలసి వచ్చింది. 1929 ఏప్రిల్‌లో నాన్‌జింగ్ జాతీయ ప్రభుత్వం దుస్తుల నిబంధనలు ప్రకటించినప్పుడు స్త్రీల లాంఛన దుస్తుల్లో ఒకటిగా దీన్ని చేర్చింది. ఆ నిబంధనల్లో రంగు నీలమని, ముందు భాగం కుడివైపు మూయాలని, పొడవు మోకాలికీ మడమకూ నడుమ ఉండాలని, చేతులు మోచేతికీ మణికట్టుకూ మధ్య దాకా రావాలని, గుండీలు ఆరు ఉండాలని కూడా రాశారు. ఎనిమిదేళ్ల క్రితం విద్యార్థినుల ధిక్కారంగా మొదలైనది ఇలా ప్రభుత్వ లాంఛనమైంది.

షాంఘై పాత్ర దీని తర్వాత పెద్దది. ఆ నగరంలోని నాన్‌జింగ్ రోడ్డు మీద 1917లో సిన్సియర్, 1918లో వింగ్ ఆన్ వంటి పెద్ద దుకాణాలు తెరుచుకున్నాయి. 1926లో లియాంగ్‌యౌ సచిత్ర పత్రిక మొదలైంది. సిగరెట్లు, సబ్బులు అమ్మే కంపెనీలు పంచిన క్యాలెండర్ బొమ్మల్లో ప్రతి ఏడూ కొత్త తరహా చియోంగ్‌సామ్ కనిపించేది. అంచు 1929 ప్రాంతంలో మోకాలి దగ్గరికి ఎక్కి, 1934, 1935 నాటికి నేలను ఊడ్చేంత కిందికి దిగి, 1937లో జపాన్‌తో యుద్ధం ముదిరాక మళ్లీ పైకి వచ్చింది. చేతులు కూడా అలాగే తగ్గుతూ పోయాయి. ఇంతకంటే లోతుగా కుట్టు గురించి చెప్పవలసినది మన సభ్యుల్లో కుట్టుబల్ల గారే.

సమాధానం: కుట్టుబల్ల

పాతపేటిక గారు పిలిచారు కాబట్టి నాకు తెలిసినంత వరకు రాస్తాను. నేను కుట్టుపని నేర్పుతాను. చియోంగ్‌సామ్‌ను పాత పద్ధతిలోనూ, కొత్త పద్ధతిలోనూ కత్తిరించి చూశాను. ఈ రెండు పద్ధతుల మధ్య తేడా చాలా పెద్దది. నేతచీర గారి ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

ఈనాడు మనం జాకెట్టు గానీ డ్రెస్సు గానీ కుట్టేటప్పుడు ముందు భాగం, వెనక భాగం, చేతులు విడివిడిగా కత్తిరిస్తాం. భుజం దగ్గర కలిపి కుడతాం, చంక గుండ్రంగా తీసి చేతిని అతికిస్తాం, ఛాతీకీ నడుముకూ డాట్లు వేస్తాం. పాత చైనా పద్ధతిలో ఇవేవీ లేవు. బట్టను పొడవుగా పరిచి, భుజం దగ్గర అడ్డంగా మడత పెట్టి, ముందూ వెనకా కలిపి ఒకే ముక్కగా కత్తిరిస్తారు. చేయి కూడా ఆ ముక్కలోనే ఉంటుంది. అందుకే మీరు చూసిన దానికి భుజం కుట్టు లేదు. పాతకాలంలో చేతిమగ్గం పట్టు పన్నా (బట్ట వెడల్పు) తక్కువ కాబట్టి ముందూ వెనకా నడిమధ్యలో నిలువుగా ఒక కుట్టు వచ్చేది. చేయి పొడవు సరిపోక, ముంజేతి దగ్గర మరో ముక్క అతికేవారు. మిల్లు బట్ట పెద్ద పన్నాతో వచ్చాక మధ్య కుట్టు అవసరం లేకుండా పోయింది.

ఆ కుట్టు పోవడంతో దర్జీకి కొత్త చిక్కు వచ్చింది. మెడ నుంచి కుడి చంక దాకా వంపుగా కత్తిరించి ముందు భాగాన్ని తెరిచినప్పుడు, పై పొర కింది పొర మీద కొంతైనా ఎక్కి కూర్చోవాలి. లేకపోతే ఆ వంపు నోరు తెరుచుకుంటుంది. ఒకే ముక్కలో కోసినప్పుడు ఆ ఎక్కుడు బట్ట ఎక్కడి నుంచి వస్తుంది? పాత దర్జీలు కత్తిరించే ముందే బట్టను స్వల్పంగా పక్కకు జరిపి మడవడం ద్వారా, తడిపి ఇస్త్రీతో సాగదీయడం ద్వారా ఆ కొద్దిపాటి బట్టను రాబట్టేవారు. కింది పొరకు వేరే చిన్న ముక్క పెట్టేవారు. ఈ ఒక్క పని చేయడం చూస్తే ఆ దర్జీ ఎంతటివాడో తెలిసిపోతుంది.

డాట్లు లేకుండా నడుము ఎలా వచ్చిందని మీరు అడిగారు. పక్క కుట్లను నడుము దగ్గర లోపలికి వంపు తిప్పుతారు. కానీ ఉత్తగా వంపు తిప్పితే అక్కడ బట్ట పట్టేసి అడ్డంగా ముడతలు పడతాయి. అందుకని కుట్టే ముందు తడి ఇస్త్రీతో పక్క అంచును నడుము దగ్గర సాగదీస్తారు. వెనక వీపు దగ్గర, తుంటి దగ్గర బట్టను కొద్దిగా కుదిస్తారు. పట్టు, నూలు, ఉన్ని ఈ పనికి లొంగుతాయి, పాలిస్టర్ లొంగదు. ఆ ఇస్త్రీ తర్వాత అంచుకు పల్చగా గంజి పట్టిస్తే, సాగదీసిన ఆకారం కుట్టు పడేదాకా చెదరదు. మీరు గమనించిన ఆ కొద్దిపాటి నొక్కు ఇలా వచ్చినదే అయి ఉంటుంది. ఇందులో చంక దగ్గర కొంత బట్ట మడతలు పడటం సహజం. చేయి దించినప్పుడు ఆ మడతలు కనిపిస్తే అది లోపం కాదు, ఆ కత్తిరింపు లక్షణమే. చేయి ఎత్తడానికి అదే వీలు కల్పిస్తుంది.

ఇక ముడిగుండీ సంగతి. నా దృష్టిలో చియోంగ్‌సామ్ మొత్తంలో అన్నిటికంటే ఓపిక కోరే పని ఇదే. బట్టను ఏటవాలుగా, అంటే మనం క్రాస్ అంటామే ఆ కోణంలో, సన్నని పట్టీగా కత్తిరిస్తారు. రెండు అంచులూ లోపలికి మడిచి, కనిపించని చేతికుట్టుతో దారంలాంటి గట్టి నాడాగా చేస్తారు. ఒక నాడా కొసను ముడి మీద ముడి వేసి గింజలా బిగిస్తారు, రెండో నాడాతో దానికి సరిపడే ఉచ్చు చేస్తారు. ముడి పూర్తిగా బిగియకముందు ఒక్కొక్క మెలికనూ సూదిమొనతో లాగి సరిచేయాలి. ఒక మెలిక వదులైతే గుండీ ఒకవైపు ఒరిగిపోతుంది. పూల ఆకారపు గుండీలకైతే నాడా లోపల సన్నని రాగి తీగ పెట్టి వంచుతారు, రేకుల మధ్య దూది నింపి రంగు పట్టు కప్పుతారు. రోజువారీ నూలు చియోంగ్‌సామ్‌కు మాత్రం మీరు చూసినట్టు నిటారు గుండీలే ఉండేవి.

మీరు చూసిన దాని కాలం గురించి నాకు తోచినది ఇది. ముదురు నీలం నూలు బట్ట అంటే ఇండాంత్రీన్ రంగు అద్దకం కావడానికి అవకాశం ఎక్కువ. 1901లో జర్మనీలో కనుగొన్న ఆ రంగు ఉతికినా ఎండకు ఆరేసినా వెలవదు. చైనాలో దాన్ని క్యాలెండర్ బొమ్మల ద్వారా విపరీతంగా ప్రచారం చేశారు. విద్యార్థినులూ ఉపాధ్యాయినులూ ఆ నీలాన్నే ఎక్కువగా వాడారు. పిక్క సగం పొడవు, పొట్టి చేతులు, భుజం కుట్టు లేకపోవడం, డాట్లు లేకపోవడం, ఈ నాలుగూ కలిపి చూస్తే 1930ల చివరి నుంచి 1940ల లోపు అని అనుకోవచ్చు. మధ్య కుట్టు ఉందో లేదో చూడండి. పక్కన గుండీల కింద ప్రెస్ బటన్లు ఉన్నాయా, జిప్పు ఉందా చూడండి. జిప్పు ఉంటే 1940ల వైపు మొగ్గవచ్చు. భుజం కుట్టు, అతికిన చేతులు, ఛాతీ డాట్లు అన్నీ కలిసి స్థిరపడినది 1950ల హాంకాంగ్‌లో. మనకు సినిమాల ద్వారా పరిచయమైన బిగుతు చియోంగ్‌సామ్ అదే. ఆ కాలరును మన దర్జీలు చైనీస్ కాలర్ పేరుతో చుడీదార్లకు పెడుతూనే ఉన్నారు గానీ, వాటిలో చాలావరకు కాన్వాస్ ముక్కతో బిగించినవి. పాత పద్ధతిలో గుడ్డ పొరలను గంజితో అంటించి గట్టిపరిచేవారు.

సమాధానం: తూర్పువాకిలి

పెద్దలిద్దరి వివరణా చాలా బాగుంది. అయినా పాతపేటిక గారి వాదనలో ఒక విషయాన్ని నేను అంగీకరించలేకపోతున్నాను. 1911 తర్వాత మంచూ స్త్రీలు తమ అంగీని పక్కన పెట్టారన్నది నిజమే. కానీ అది ఇష్టపడి చేసినది కాదు, భయపడి చేసినది. బీజింగ్‌లోని జెండా కుటుంబాల్లో దాని వాడకం ఒక్కసారిగా ఆగిపోలేదు. ఎంతోమంది పేర్లు మార్చుకుని, భాష మానుకుని బతకవలసి వచ్చిన జాతి నుంచి, చివరికి వాళ్ల దుస్తులను కూడా ‘ఇది మీది కాదు, షాంఘై విద్యార్థినులది’ అని తీసేసుకోవడం న్యాయమేనా? భుజం నుంచి అంచు దాకా ఒకే బట్టగా జారడం, పక్కల చీలికలు, కుడివైపు గుండీలు, ఇవన్నీ ఆ అంగీలోనే ఉన్నాయి. 19వ శతాబ్దపు పై అంగీలకు పక్క చీలికలు చంకల దాకా ఎక్కి, పైన మేఘపు ఆకారంలో పట్టీలతో ముగిసేవి. విద్యార్థినులు వేసుకున్నది పురుషుల అంగీయే అని ఎలా నిర్ధారిస్తాం? తమ ఊళ్లో మంచూ స్త్రీలను చూసి నేర్చుకుని ఉండకూడదా?

సమాధానం: పాతపేటిక

తూర్పువాకిలి గారూ, మీ ఆవేదన న్యాయమైనది. మంచూల పాత్రను తగ్గించాలన్నది నా ఉద్దేశం కాదు. కుడివైపు మూసే పద్ధతి, ముడిగుండీలు హాన్ దుస్తుల్లో కూడా ఉన్నాయి కాబట్టి వాటిని ఒక్కరికే కట్టబెట్టలేం. కానీ భుజం నుంచి అంచు దాకా ఒకే బట్ట అన్న మీ మాటను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఇంకొక అడుగు ముందుకు వేసి చెబుతాను. విద్యార్థినులు వేసుకున్నది పురుషుల అంగీయే అని అనుకున్నా, ఆ పురుషుల అంగీ ఎక్కడిది? 1645 ఆజ్ఞ ప్రకారం, తల పోతుందన్న భయంతో హాన్ పురుషులు తొడిగిన మంచూ పద్ధతి దుస్తుల వారసత్వమే అది. తాతలు బలవంతంగా వేసుకున్నది కొన్ని తరాలు గడిచేసరికి పండితుడి గౌరవ చిహ్నమైంది. ఆ గౌరవాన్ని మనవరాళ్లు కోరి తీసుకున్నారు. ఏ దారిన వెళ్లినా మూలం మంచూల దగ్గరికే చేరుతుంది. నేను నొక్కిచెప్పదలచుకున్నది దాన్ని తిరిగి ఎంచుకున్న అమ్మాయిల నిర్ణయం గురించి. వాళ్లకు అది అమ్మ పెట్టెలో దొరికిన వారసత్వం కాదు. వాళ్ల అమ్మలు చొక్కా, లంగా వేసుకున్నవారు.

నేతచీర

అందరికీ కృతజ్ఞతలు. కుట్టుబల్ల గారు చెప్పినట్టు చూశాను. మధ్య కుట్టు లేదు, పక్కన వరుసగా ప్రెస్ బటన్లు ఉన్నాయి, జిప్పు లేదు. అమ్మమ్మగారికి ఈ చర్చంతా చదివి వినిపించాను, ఎంతో సంతోషించారు. ఇంకొక్క సందేహం. వాళ్ల అమ్మగారు షాంఘై వదిలి వచ్చాక చైనాలో ఈ దుస్తులు ఎందుకు కనిపించకుండా పోయాయి? పెళ్లికి నన్ను కూడా చియోంగ్‌సామ్‌లో రమ్మని వాళ్లు పిలిచారు. బయటివాళ్లం వేసుకుంటే తప్పుగా భావిస్తారా?

సమాధానం: ఓడరేవు

నేతచీర గారికి, నేను హాంకాంగ్‌లో చాలాకాలం ఉన్నాను. మీ రెండు ప్రశ్నలకూ అక్కడ విన్నవీ చదివినవీ కలిపి జవాబు రాస్తాను.

1949లో కమ్యూనిస్టు పార్టీ అధికారంలోకి వచ్చాక చియోంగ్‌సామ్‌ను వెంటనే ఎవరూ నిషేధించలేదు. అయితే కూలీలు, రైతులు, సైనికులు ఆదర్శమైన సమాజంలో ఆ దుస్తులు ధనికుల జీవితానికి గుర్తుగా మారాయి. స్త్రీలు కూడా కోటు, ప్యాంటుకు మారారు. దేశాధ్యక్షుడు లియూ షావోచీ భార్య వాంగ్ గ్వాంగ్‌మెయ్ 1963లో భర్తతో కలిసి ఇండోనేషియా పర్యటనకు వెళ్లినప్పుడు చియోంగ్‌సామ్ ధరించారు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో, 1967 ఏప్రిల్ 10న, బీజింగ్‌లోని చింగ్‌హువా విశ్వవిద్యాలయంలో రెడ్ గార్డులు, అంటే మావోకు మద్దతుగా దళాలు కట్టిన యువకులు, ఆమెను వేలమంది ముందు నిలబెట్టి, బలవంతంగా చియోంగ్‌సామ్ తొడిగించి, మెడలో ముత్యాలకు బదులు పింగ్‌పాంగ్ బంతుల దండ వేసి అవమానించారు. ఆమె ఆ తర్వాత పన్నెండేళ్ల దాకా జైల్లోనే ఉన్నారు. ఆ సంఘటన తర్వాత ఎవరి ఇంట్లోనైనా చియోంగ్‌సామ్ దొరికితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఎన్నో కుటుంబాలు తమ ఇంటి చియోంగ్‌సామ్‌లను ముక్కలుగా కత్తిరించి వేరే పనులకు వాడుకున్నాయి, తగలబెట్టాయి, దాచిపెట్టాయి. మీకు అమ్మమ్మగారు చూపించిన దాని వంటివి చైనాలో కంటే బయటికి వలస వెళ్లిన కుటుంబాల దగ్గర ఎక్కువగా మిగలడానికి ఇదొక ముఖ్య కారణం.

షాంఘై దర్జీలు చాలామంది 1949కి అటూ ఇటూగా హాంకాంగ్ చేరారు. అక్కడ 1950లు, 1960ల తొలి సంవత్సరాల్లో చియోంగ్‌సామ్ అన్ని తరగతుల స్త్రీలకూ రోజువారీ దుస్తులయింది. టీచరు వేసుకునేది, ఫ్యాక్టరీ గుమస్తా వేసుకునేది, బజారుకు వెళ్లే ఇల్లాలు వేసుకునేది. పాశ్చాత్య కుట్టుపని పక్కనే జరుగుతున్న నగరం కావడం వల్ల డాట్లు, జిప్పులు, అతికిన చేతులు అందులోకి వచ్చాయని కుట్టుబల్ల గారు చెప్పినదానితో నేను ఏకీభవిస్తాను. 1960ల చివరికి రెడీమేడ్ దుస్తులు చవకగా దొరకడంతో, కొలతలిచ్చి, రెండుమూడు సార్లు ఒంటిమీద సరిచూసుకుని కుట్టించుకునే ఓపికా డబ్బూ చాలామందికి లేకుండా పోయాయి. దానికి నష్టం కలిగించినది అక్కడ రాజకీయం కాదు, ధర. అయినా ట్రూ లైట్, హీప్ యున్ వంటి బాలికల పాఠశాలల్లో నీలం రంగు చియోంగ్‌సామ్ ఇప్పటికీ యూనిఫామ్. ఉదయం మెట్రో రైల్లో ఆ నీలం దుస్తులతో, భుజాన బరువైన పుస్తకాల సంచితో నిలబడిన పిల్లలను చూసినప్పుడు, ఈ దుస్తులు మొదట పుట్టింది చదువుకునే అమ్మాయిల కోసమేనన్న మాట నాకు గుర్తొచ్చేది.

ఇప్పుడు చైనా ప్రభుత్వం కూడా ఈ పనిని కాపాడవలసిన వారసత్వంగా చూస్తోంది. షాంఘైలోని లాంగ్‌ఫెంగ్ సంస్థ చేతికుట్టు పద్ధతి 2011లోనూ, హాంకాంగ్ చియోంగ్‌సామ్ తయారీ విద్య 2021లోనూ జాతీయ స్థాయి వారసత్వ జాబితాలో చేరాయి. అయితే పేరు జాబితాలోకి ఎక్కినంత మాత్రాన చేతులు దొరకవు. హాంకాంగ్‌లో ఈ పని తెలిసిన దర్జీల్లో ఎక్కువమంది వృద్ధులు. ముడిగుండీలు చేసేవాళ్లు మరీ తక్కువ. మీరు కుట్టించుకోవాలనుకుంటే, డబ్బు కాస్త ఎక్కువైనా, చేతితో పనిచేసే దర్జీ దగ్గరే కుట్టించమని నా మనవి.

మీరు వేసుకోవచ్చా అన్న ప్రశ్నకు సందేహమే అక్కర్లేదు. పెళ్లివారే పిలిచారు కాబట్టి అది గౌరవంగానే భావిస్తారు. 2018లో అమెరికాలో ఒక విద్యార్థిని పాఠశాల వేడుకకు చియోంగ్‌సామ్ వేసుకున్న ఫొటో మీద పెద్ద వివాదం జరిగినప్పుడు, ఆక్షేపించినవారిలో అమెరికాలో పెరిగిన చైనా సంతతివారు ఎక్కువ కనిపించారు. చైనాలోని చాలామంది ఆ అమ్మాయిని సమర్థించారు. వెక్కిరింపుగా పరాయి జాతి దుస్తులు వేసుకోవడం చూసి, చిన్నప్పుడు అవమానాలు ఎదుర్కొన్నవారి బాధ కూడా నాకు అర్థమవుతుంది. మీ సందర్భం అది కాదు.

రంగు విషయంలో మాత్రం జాగ్రత్త పడండి. ఎరుపు పెళ్లికూతురిది. వాళ్లు దక్షిణ చైనాలోని కాంటన్ ప్రాంతం మూలాలవారైతే పెళ్లికూతురు ఉదయం టీ ఇచ్చే తంతుకు బంగారు తీగ ఎంబ్రాయిడరీతో నిండిన రెండు భాగాల ఎర్రని దుస్తులు వేసుకుని, సాయంత్రం విందులో బల్ల బల్లకూ వచ్చి పలకరించేటప్పుడు ఎర్ర చియోంగ్‌సామ్‌లోకి మారవచ్చు. అందుకని అతిథులు ఎరుపు మానేస్తారు. తెలుపూ నలుపూ పూర్తిగా ఉంటే సంతాప సూచనగా పెద్దవాళ్లు నొచ్చుకోవచ్చు. లేత ఆకుపచ్చ, నెమలికంఠం రంగు, గులాబీ, ఊదా వంటివి ఏవైనా బాగుంటాయి. దర్జీకి కొలతలిచ్చేటప్పుడు నిలబడి మాత్రమే కాక కుర్చీలో కూర్చుని కూడా తుంటి దగ్గర కొలత తీయించుకోండి. చీలిక ఎంత ఎత్తుకు రావాలో కూర్చున్నప్పుడే తేల్చుకోండి. పెళ్లి విందులో మూడు నాలుగు గంటలు కూర్చోవలసి ఉంటుంది, కాలరు మరీ ఎత్తుగా పెట్టిస్తే భోజనం చేసేటప్పుడు గొంతు దగ్గర ఒరుసుకుంటుంది. రెండు వేళ్లు దూరేంత వదులు ఉండేలా చూడమని చెప్పండి. గుండీలకు మీ పట్టుచీర జరీ అంచు మిగులు ముక్క ఇస్తే నాడా చేయడం కష్టమవుతుంది, ఏటవాలుగా కోసినప్పుడు జరీ విడిపోతుంది. సాదా పట్టు ముక్క ఇవ్వండి.